తనను వెక్కిరించిన నవలను క్రౌలీ నిజంగానే మెచ్చుకున్నాడా?

"తన పూజా విధానాన్నే ఆటపట్టించిన 'జుర్గెన్' నవలను, సొంత మతం పెట్టుకున్న ఇంగ్లిష్ మాంత్రికుడు అలీస్టర్ క్రౌలీ పొగిడాడట, నిజమేనా? ఏదో మొహమాటానికా?" అని అడిగారు. నిజమే. మొహమాటం క్రౌలీకి అలవాటు లేదు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన 'జుర్గెన్' దొరికింది. జేమ్స్ బ్రాంచ్ క్యాబెల్ 1919లో వేసిన ఫాంటసీ. (ఆయన పేరు నేను ఏళ్ళ తరబడి 'కెబెల్' అనే పలికాను.) తాకట్టు కొట్టు నడిపే నడివయసు జుర్గెన్, సైతాను గురించి ఓ మంచి మాట అంటాడు. ఇంటికొచ్చేసరికి గయ్యాళి పెళ్ళాం మాయం! తప్పదన్నట్టు ఆమెను వెతకడానికి బయల్దేరతాడు, దారిలో పోయిన యవ్వనం తిరిగొస్తుంది.

22వ అధ్యాయంలో ఒక తంతు ఉంది. జుర్గెన్ చేతిలో ఈటె, ఎదురుగా తెర. బూతు జోకు కాబోలు అని నవ్వుకుని పేజీ తిప్పేశాను. తర్వాతెప్పుడో క్రౌలీ 1913లో మాస్కోలో రాసిన 'నాస్టిక్ మాస్' అనే పూజా విధానం చదువుతుంటే అందులోనూ అదే ఈటె, అదే తెర, తెర వెనక పూజారిణి! పెన్సిల్ పట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఏం చదువుతున్నారని మా ఆవిడ అడిగితే నీళ్ళు నమిలాను.

అసలు చురక మాత్రం ఆ తంతులో లేదు. అది జరిగే కొకెయిన్ (Cocaigne, మత్తుమందు కాదు, కోరిందల్లా దొరికే ఊహాలోకం) రాజ్యంలో ఒకటే చట్టం: నీకు మంచిదనిపించింది చెయ్యి. 'నీ ఇష్టమే ధర్మం' అన్న క్రౌలీ సిద్ధాంతానికి ఇంత దగ్గరి మాట ఇంకోటి ఉండదు. అన్నీ దొరికే ఆ చోట జుర్గెన్‌కి చివరికి మిగిలేది విసుగు! ఇంకొకడైతే ఉడుక్కునేవాడు. క్రౌలీ 1923లో క్యాబెల్ సొంతూరు రిచ్‌మండ్ నుంచి అప్పట్లో వచ్చే 'ది రివ్యూయర్' పత్రికలో ఆయన మీద వ్యాసం రాశాడు. 1929లో అయితే 'జుర్గెన్'ని యుగాన్నే మలుపు తిప్పే తాత్విక రచనల్లో ఒకటిగా లెక్కగట్టాడు. తన పూజను అంత శ్రద్ధగా చదివినవాడు దొరికాడన్న సంతోషమే అందులో ఎక్కువని నా అనుమానం. పేరడీ చేయించుకోవడమూ ఒక గౌరవమేనని జరుక్ శాస్త్రిని చదివినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అశ్లీలమంటూ 1920లో ఈ నవల మీద న్యూయార్క్‌లో కేసు పెట్టారు, 1922లో కొట్టేశారు. ఈలోగా పుస్తకానికి బోలెడు పేరొచ్చింది.

చదవాలనుంటే ముందు 'జుర్గెన్' చదవండి, క్రౌలీ పూజ తర్వాత. తిరగేసి చదివితే జోకు ముందే తెలిసిపోతుంది.