టెక్ సందేహాలు: కోడ్ అందరిదీ సరే, పేరు ఎవరిది?

ఆమదాలవలసలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను సార్. ఉత్తరాలు, పట్టికలు తయారుచేయడానికి మొదటి నుంచీ ఓపెన్ ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరే. కొత్తగా ఏమీ రావడం లేదు. లిబ్రే ఆఫీస్ దానికి నకలా? మారితే పాత ఫైళ్లు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

నకలు కాదండీ. ఓపెన్ ఆఫీస్‌ను తయారుచేస్తూ వచ్చిన వాళ్లలో చాలామంది ఇప్పుడు లిబ్రే ఆఫీస్ దగ్గరే ఉన్నారు. 2000లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ ఓపెన్ ఆఫీస్ కోడ్‌ను, అంటే ఆ ప్రోగ్రామ్ రాతను, అందరికీ ఇచ్చింది. 2010 జనవరిలో ఒరాకిల్ అనే మరో కంపెనీ ఆ సన్‌నే కొనేసింది. కొత్త యజమాని తీరుపై నమ్మకం కుదరని డెవలపర్లు అదే ఏడాది సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. మీరూ రండి, ఓపెన్ ఆఫీస్ పేరు మాకివ్వండి అని ఒరాకిల్‌నే అడిగారు. ఇవ్వలేదు. కోడ్ తీసుకెళ్లడానికి లైసెన్స్ ఒప్పుకుంటుంది, పేరు మాత్రం ట్రేడ్‌మార్క్, అంటే యజమాని ఒప్పుకోనిదే వాడకూడదు. అందుకే లిబ్రే ఆఫీస్ అనే కొత్త పేరు పుట్టింది. 2011లో ఒరాకిల్ కోడ్‌నూ పేరునూ అపాచీ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకు ఇచ్చేసింది కానీ, అప్పటికే పనిచేసే చేతులు వెళ్లిపోయాయి. 2014లో వచ్చిన 4.1 తర్వాత ఓపెన్ ఆఫీస్‌కు చిన్న చిన్న సవరణలే వస్తున్నాయి. పాత పేరుకున్న గుర్తింపు వల్ల ఈరోజుకీ కొత్తవాళ్లు దాన్నే దించుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మీరు నిశ్చింతగా మారండి. ఫైళ్లు నేరుగా తెరుచుకుంటాయి. ముందు ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకోండి. అను ఫాంట్లలో టైప్ చేసినవి మాత్రం ఆ ఫాంట్లు కంప్యూటర్‌లో ఉంటేనే కనిపిస్తాయి. ఏ ప్రోగ్రామ్ వాడినా అంతే.

విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. సిలబస్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉంది. దానికోసం జాంప్ అనే ప్యాకేజీ వేసుకుంటే లోపల మరియాడీబీ అని చూపిస్తోంది. ప్రాజెక్ట్‌లో మార్కులు పోతాయా?

పోవు. సన్ మైఎస్‌క్యూఎల్‌ను 2008లో కొంది. ఆ సన్ ఒరాకిల్ చేతికి వెళ్తోందని తెలిశాక, మైఎస్‌క్యూఎల్ రాసిన మాంటీ విడెనియస్ అదే కోడ్ నుంచి మరియాడీబీ మొదలుపెట్టారు. జాంప్ వాళ్లు తర్వాత దానికి మారారు, ప్యానెల్‌లో బటన్ మీద మాత్రం పాత పేరే ఉంచారు. మీ స్థాయి క్వెరీలన్నీ, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలు, రెండింట్లోనూ ఒకేలా నడుస్తాయి. రికార్డులో మరియాడీబీ అని వెర్షన్‌తో సహా రాయండి, వైవాలో అడిగితే ఈ కథ చెప్పండి.

మాది పలాస. జీడి పరిశ్రమల్లో పిక్కల తూకం, కూలీ లెక్కలు రాసుకునే యాప్‌ను నలుగురం ఖాళీ వేళల్లో చేసి ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్ ఎవరైనా వాడుకునేలా పెట్టాం. ఒక వ్యాపారి సర్వర్ ఖర్చు భరిస్తున్నారు. ఇప్పుడు డొమైన్ (వెబ్ చిరునామా), ప్లే స్టోర్ ఖాతా, యాప్ పేరు తన పేరు మీద ఉండాలంటున్నారు. పెద్దమనిషి, కాదనలేకపోతున్నాం.

కాదనండి. ఆయన మంచివారే కావచ్చు. రేపు వ్యాపారం ఇంకొకరి చేతికి వెళ్తే యాప్ పేరు, ఖాతాలు కూడా వాళ్ల చేతికే కదా.

పెద్ద ప్రాజెక్టులకే ఈ చిక్కు తప్పలేదు. సినాడియా అనే కంపెనీ నాట్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2018లో లైనక్స్ ఫౌండేషన్ కింద పనిచేసే సీఎన్‌సీఎఫ్ ఫౌండేషన్‌కు అప్పగించింది. ట్రేడ్‌మార్క్ మాత్రం తన దగ్గరే ఉండిపోయింది. 2025 ఏప్రిల్‌లో డొమైన్, కోడ్ ఉంచే గిట్‌హబ్ ఖాతా తిరిగిచ్చేయమంది, లైసెన్స్ మార్చుకుంటానంది. ఫౌండేషన్ ఒప్పుకోలేదు. చివరికి మే నెలలో రాజీ కుదిరి, ట్రేడ్‌మార్క్‌ను లైనక్స్ ఫౌండేషన్‌కు రాసివ్వడానికి సినాడియా అంగీకరించింది. 2018లోనే ఆ ఒక్క కాగితం రాసుకుని ఉంటే ఈ రచ్చే ఉండేది కాదు. హడ్సన్ అనే సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే రాజీ కూడా కుదరలేదు. పేరు మాదేనని ఒరాకిల్ అనడంతో 2011లో ఓటింగ్ పెట్టుకుని జెంకిన్స్‌గా మారిపోయారు.

మీ సంగతికొస్తే, కోడ్ మీద హక్కు మీ నలుగురిదే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లే తొలి యజమానులు. ఉద్యోగంలో భాగంగా రాస్తేనే అది యజమానికి చెందుతుంది. ఆయన సర్వర్ బిల్లు కడుతున్నారు, మీకు జీతం ఇవ్వడం లేదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాబట్టి ఆయన ఏ కాగితం ఇచ్చినా చదవకుండా సంతకం పెట్టకండి. మీలో ఎవరైనా ఎక్కడైనా ఉద్యోగం చేస్తుంటే ఆ ఒప్పందం కూడా ఒకసారి చూసుకోండి.

డొమైన్, ప్లే స్టోర్ ఖాతా వెంటనే మీ పేరు మీదకు తెచ్చుకోండి. పాస్‌వర్డ్, రికవరీ నంబరు ఒక్కరి దగ్గరే ఉండకూడదు. వీలైతే మరో ముగ్గురిని కలుపుకుని (సొసైటీకి కనీసం ఏడుగురు ఉండాలి) ఒక సొసైటీగా రిజిస్టర్ చేసుకుని పేరును దాని కింద పెట్టండి. వ్యాపారికి చేయగలిగినవి చాలా ఉన్నాయి: యాప్ మొదటి పేజీలో ఆయన సంస్థ పేరు వేయండి, ఆయన పరిశ్రమకు కావాల్సిన మార్పులు ముందుగా చేసిపెట్టండి, సర్వర్ ఖర్చుకు రసీదు ఇవ్వండి. ఇదంతా ఒక పేజీ ఒప్పందంలో తెలుగులోనే రాసుకుని ఇరువైపులా సంతకాలు పెట్టుకోండి. అప్పటికీ పేరు కావాల్సిందేనంటే, సర్వర్ ఖర్చు మీరే పంచుకోవడం మేలు.