నేరాలు, పర్యావరణం మీద పరిశోధించి పుస్తకాలు రాయడం వృత్తిగా నిలబడుతుందా?

ప్రశ్న: "జర్నలిజం పీజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. నిజంగా జరిగిన నేరాల మీద, పర్యావరణ విధ్వంసం మీద పరిశోధించి పుస్తకాలు రాయాలని ఉంది. తెలుగులో దీంతో బతకొచ్చా? రెండింట్లో ఏది ఎంచుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?"

డబ్బు సంగతి ముందు చెప్తాను. నేను మొదలుపెట్టినప్పుడు నాకెవరూ చెప్పలేదు.

నా మొదటి పుస్తకం 2014లో సొంతంగా వేసుకున్నాను. వెయ్యి కాపీలకు 62 వేలయింది. వెల 150. షాపులవాళ్ల కమీషను 40 శాతం పోతే కాపీకి 90 రూపాయలు చేతికొస్తాయి. సాక్షులకి, లాయర్లకి, సమీక్షలకి ఊరికే ఇచ్చినవి 150 దాకా ఉంటాయి. మిగతావి అమ్ముడుపోవడానికి నాలుగేళ్లు పట్టింది. చివరికి మిగిలింది 14 వేల చిల్లర. అంతకుముందు ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన బస్సు చార్జీలు ఈ లెక్కలో లేవు. మా ఇంట్లో నెలనెలా వచ్చే జీతం మా ఆయనది, ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు. నేను అనువాదాలు చేస్తాను, ఒక కాలేజీలో వారానికి మూడు క్లాసులు చెప్తాను. పుస్తకాల మీదే బతకాలంటే ఈ పాటికి మానేసి ఉండేదాన్ని. కాబట్టి "బతకొచ్చా" అన్నదానికి నా జవాబు: తెలుగులో పుస్తకాల మీదే అయితే కష్టం, పక్కన ఇంకో సంపాదన ఉంటే పని చేసుకోవచ్చు. అయినా ఇరవై నాలుగేళ్లుగా నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

రెండింట్లో ఏదని అడిగారు. నాకు అవి రెండుగా కనపడవు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2001లో శ్రీకాకుళం జిల్లాలో ఒక మండలానికి కంట్రిబ్యూటరుగా చేరాను. లైన్ అకౌంట్ మీద పని, అంటే అచ్చయిన వార్త ఎంత పొడుగుంటే అంత డబ్బు. మొదటి నెల 430 రూపాయలు వచ్చింది. మండలంలో రోజూ వార్త దొరికే చోటు పోలీస్ స్టేషనే కాబట్టి, పొద్దున్నే వెళ్లి స్టేషన్ రైటర్ బల్ల ముందు కూర్చునేదాన్ని. 2006కి జిల్లా కేంద్రంలో క్రైమ్ బీట్ ఇచ్చారు.

2008లో ఉద్దానం వైపు ఒక జీడితోటలో ఒక అమ్మాయి శవం దొరికింది. ఊరూ పేరూ చెప్పను. మూడు రోజులు జిల్లా పేజీ నిండా అదే. నాలుగోరోజు ముఖానికి ముసుగేసి ఒక కుర్రాణ్ణి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టారు. "నేరం అంగీకరించిన హంతకుడు" అని వార్త రాసింది నేనే. ఐదోరోజు ఆ కేసు ఊసు లేదు, పేపరు ఇంకో వార్త మీదికి వెళ్లిపోయింది, నేనూ వెళ్లిపోయాను.

ఏడాది తర్వాత ఆ అమ్మాయి తల్లి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. "అమ్మా, మా పిల్ల కేసు ఏటైందో మీకు తెలిసుంటాది కదా" అంది. నాకు తెలీదు. ఆవిడకు వాయిదా ఎప్పుడో చెప్పినవాళ్లు లేరు, కేసు ఏ కోర్టులో ఉందో చెప్పినవాళ్లూ లేరు. ఆ సాయంత్రం ఆవిడకి సోంపేట బస్సు ఎక్కించి వచ్చి, మర్నాడు సెషన్స్ కోర్టుకెళ్లి బెంచి గుమాస్తాని ఎస్.సి. నంబరు, అంటే సెషన్స్ కేసు నంబరు, అడిగాను. నా పుస్తకాల పని మొదలైంది అక్కడ.

కాగితం చదవడం నాకు నేర్పింది ఆ కేసే. ఎఫ్ఐఆర్ మీద రెండు సమయాలుంటాయి. ఒకటి స్టేషన్‌లో నమోదైన సమయం. రెండోది మెజిస్ట్రేటు అందుకున్నట్టు సంతకం పెట్టి రాసిన సమయం. ఆలస్యం లేకుండా పంపాలన్నది చట్టం. ఈ కేసులో రెండింటికీ మధ్య ఒకటిన్నర రోజు తేడా ఉంది. ఆ ఒకటిన్నర రోజులో ఏం జరిగింది? శవపంచాయతీలో, అంటే శవాన్ని చూసి పోలీసులు రాసే నివేదికలో, రాసిన గాయాలకీ పోస్టుమార్టం రిపోర్టులోని గాయాలకీ పొంతన లేదు. కత్తి దొరికిందన్న మధ్యవర్తుల నివేదికలో, అంటే పోలీసులు పిలిచిన సాక్షుల కాగితంలో, సంతకం పెట్టిన ఇద్దరే అదే స్టేషన్‌లో ఇంకో మూడు కేసుల్లోనూ మధ్యవర్తులు. ఇవన్నీ డిఫెన్సు లాయరు చూశాడు, నేను ఆయన తర్వాత చూశాను. 2012లో ఆ కుర్రాణ్ణి విడిచిపెట్టారు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యంగా చెల్లదని క్రైమ్ రిపోర్టరుగా నాకు తెలిసి ఉండాల్సింది, తెలిసే "హంతకుడు" అని రాశాను. అప్పటికే ఆ కుర్రాడి ఇల్లు తాళం వేసి ఉంది, కుటుంబం ఊరొదిలి వెళ్లిపోయింది. పుస్తకంలో ఒక అధ్యాయం నా వార్త క్లిప్పింగుతోనే మొదలుపెట్టాను. ఒక సమీక్షకుడు అది అనవసరమన్నాడు. నాకు మాత్రం ఆ పుస్తకంలో ఉండాల్సిన మొదటి కాగితం అదే.

ఈలోగా 2010 జూలై 14 వచ్చింది. సోంపేట బీలలో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు వ్యతిరేకంగా జనం నిలబడితే పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. క్రైమ్ రిపోర్టరుగా నేను రాసింది చనిపోయినవాళ్లెవరు, గాయపడినవాళ్లెందరు, కేసులు ఎవరి మీద, అంతే. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్లు వినే నేషనల్ ఎన్విరాన్‌మెంట్ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. పొద్దున ఇక్కడ తుపాకులు పేలిన రోజే అక్కడ అనుమతి ఎగిరిపోయింది. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసేసరికి నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

గొడవంతా ఒక మాట మీద. బీల అంటే మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు: వానాకాలం నీళ్లు నిలిచే పల్లపు నేల, చేపలు, తుంగ, పక్షులు, చుట్టూ ఊళ్లకి సాగునీరు. కాగితాల్లో దాన్ని బంజరుగా చూపించారు. జీడితోట కేసులో శవపంచాయతీని ఎలా చదివానో, ప్లాంటు అనుమతి కోసం ఇచ్చిన పర్యావరణ ప్రభావ నివేదికనూ అలాగే చదివాను. ఎవరు వచ్చి చూశారు? ఏ నెలలో చూశారు? ఎండాకాలంలో చూస్తే బీల బీడులాగే కనపడుతుంది. నేరం రాసేవాళ్లు అడిగే ప్రశ్నలూ పర్యావరణం రాసేవాళ్లు అడిగే ప్రశ్నలూ ఒకటేనని నాకు అప్పుడు అర్థమైంది: ఎవరు చూశారు, ఎప్పుడు రాశారు, ఎవరు సంతకం పెట్టారు, రాసిన రోజుకీ పంపిన రోజుకీ మధ్య ఏం జరిగింది. 2012లో ఉద్యోగం మానేశాను. బీల పుస్తకం 2019లో వచ్చింది.

ఈ పనికి నాకు దారి చూపించిన మనిషిని నేనెప్పుడూ కలవలేదు. భోపాల్ పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేస్వానీ. 1981 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ఫోస్‌జీన్ అనే విషవాయువు తగిలి ఆయనకు తెలిసిన ఒక కార్మికుడు చనిపోయాడు. ఒక్క చావు. పేపర్లో సింగిల్ కాలమ్ వార్త. కేస్వానీ అక్కడితో ఆగలేదు, ఆ ఫ్యాక్టరీలో ఏముందో తవ్వుకుంటూ పోయాడు. కంపెనీ వాళ్ల సొంత నిపుణులు అమెరికా నుంచి వచ్చి 1982లో రాసిన భద్రతా తనిఖీ నివేదికను సంపాదించాడు. అదే ఏడాది తను నడిపే చిన్న వారపత్రికలో ఊరికి ప్రమాదం ముంచుకొస్తోందని వరసగా రాశాడు. 1984 జూన్‌లో జనసత్తా అనే హిందీ దినపత్రికలో మళ్లీ రాశాడు. అధికారులు పట్టించుకోలేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి ఏం జరిగిందో మీకు తెలుసు. ఆయన 2021లో పోయారు. ఒక్క మనిషి చావుని నేరంగా చూసి అడగడం మొదలుపెట్టినవాడు ఊరంతటికీ పొంచి ఉన్న ముప్పు దాకా వెళ్లాడు. నేరమూ పర్యావరణమూ వేరు కావని నేననేది ఇందుకే.

మన దగ్గరా అదే కథ. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకై పన్నెండు మంది పోయారు. ఆ ప్లాంటుకి సరైన పర్యావరణ అనుమతి లేదన్న సంగతి అంతకు ఏడాది ముందే, 2019 మేలో, కంపెనీ స్వయంగా ఇచ్చిన అఫిడవిట్‌లో ఉంది. ఆ కాగితం ఏడాదిపాటు ప్రభుత్వ ఫైల్లో పడి ఉంది. విశాఖలో క్రైమ్ రిపోర్టర్లు ఎంతమంది ఉన్నారు! నేనూ అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లేదాన్నే. ఎవరం చదవలేదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక, నా సొంత తప్పు నుంచి. ఉద్దానం కిడ్నీ జబ్బు మా జిల్లా గుండెకోత. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊరికెళ్లినా ఆ జబ్బు ఉన్న ఇల్లు లేని వీధి ఉండదు. బీల పుస్తకంలో దానిమీద ఒక అధ్యాయం రాశాను. తాగునీటిలో ఫలానాదే కారణమని గట్టిగా తేల్చేశాను. అచ్చుకి వెళ్లేముందు ఒక నెఫ్రాలజిస్టుకి చూపిస్తే, "అమ్మా, మేం ఇన్నేళ్లు వెతికినా తేల్చలేనిది మీరు ఇరవై పేజీల్లో తేల్చారు" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, బాధగా అన్నారు. ఎందుకంటే ఆ అధ్యాయం చదివి జనం ఆ ఒక్కదాన్ని మానేసి, మందులూ పరీక్షలూ మానేసే ప్రమాదం ఉంది. అధ్యాయం మొత్తం తీసేశాను. నాలుగు నెలల పని. నేరం రాసేటప్పుడు నిందితుణ్ణి హంతకుడనడం ఎంత తప్పో, అనుమానాన్ని కారణమనడం అంతే తప్పు. ఒకే తప్పు రెండుసార్లు చేయబోయాను, రెండోసారి ఆ డాక్టరుగారు ఆపారు.

చట్టం సంగతి క్లుప్తంగా. అత్యాచార బాధితురాలి పేరు, గుర్తుపట్టే వివరం ఏదీ రాయకూడదు. పోక్సో కేసుల్లో పిల్లల వివరాలూ అంతే. ఊరు పేరు, బడి పేరు, తండ్రి వృత్తి కలిపితే చాలు, పేరు రాసినట్టే. పరువునష్టం మన దగ్గర సివిల్ దావాయే కాదు, క్రిమినల్ కేసు కూడా. పుస్తకం అచ్చుకి ముందు లాయరు చేత చదివించుకోవడానికి డబ్బు విడిగా పెట్టుకోండి. భయం గురించి కూడా చెప్పాలి. ముంబైలో జ్యోతిర్మయ్ డే అడవులు, వన్యప్రాణుల మీద రాస్తూ మొదలై క్రైమ్ రిపోర్టింగుకి వచ్చినవాడు, ఆయన్ని 2011లో పట్టపగలు కాల్చి చంపారు. అంత పేరున్న మనిషికే అలా జరిగితే, ఇసుక అక్రమ తవ్వకాల మీద రాసే మండల కంట్రిబ్యూటరుకి ఎవరు దిక్కు? ఒంటరిగా క్వారీల దగ్గరికి వెళ్లకండి. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో ఒకరికి, ఆఫీసులో ఒకరికి చెప్పి వెళ్లండి. కాగితాల కాపీలు రెండు ఊళ్లలో ఉంచండి. నేను ఒక సెట్టు మా చెల్లి ఇంట్లో పెడతాను.

మొదలుపెట్టడం గురించి. పుస్తకంతో వద్దు. ఏ పేపర్లోనైనా, ఏ ఛానెల్లోనైనా రెండు మూడేళ్లు క్రైమ్, కోర్టు బీట్ చేయండి. జీతం తక్కువే, అయినా అక్కడ దొరికే చదువు ఏ యూనివర్సిటీలోనూ లేదు. కోర్టు కానిస్టేబులుతో, బెంచి గుమాస్తాతో మర్యాదగా ఉండండి, కేసు ఎక్కడుందో జడ్జిగారికంటే ముందు వాళ్లకి తెలుస్తుంది. సుప్రీంకోర్టు 2016 తీర్పు తర్వాత, సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లు పోలీసుల వెబ్‌సైట్లో పెడుతున్నారు, రోజూ చూడండి. చార్జిషీట్లు అలా పెట్టక్కర్లేదని 2023లో అదే కోర్టు చెప్పింది, వాటికోసం కోర్టులో కాపీ అప్లికేషను వేసుకోవాలి, లాయర్ల సాయం కావాలి. సమాచార హక్కు (స.హ.) చట్టం దరఖాస్తు రాయడం చేతికి అలవాటు కావాలి. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. "వివరాలు తెలపండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా పరిశ్రమ తనిఖీ నివేదికల నకళ్లు" అని రాయండి, కాగితం పేరు తెలిస్తేనే కాగితం వస్తుంది.

పర్యావరణం వైపు మొదటి అడుగు ప్రజాభిప్రాయ సేకరణ. ఏదైనా ప్రాజెక్టుకి అది జరగాలంటే కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో జనానికి అందుబాటులో ఉంచాలి, సారాంశం తెలుగులో ఉండాలి. ఎవరూ వెళ్లి అడగరు. మీ జిల్లాలో ఈసారి అలాంటి నోటీసు పడితే టెంటు వేసే రోజు దాకా ఆగకండి. ముందే కలెక్టరేట్‌కి వెళ్లి నివేదిక తీసుకుని, దాన్ని పట్టుకుని ఆ భూమి మీద నడవండి. నివేదికలో చెరువు లేదన్న చోట చెరువుందా, గెడ్డ, అంటే వాగు, లేదన్న చోట గెడ్డుందా చూడండి, పశువులు కాసేవాళ్లని అడగండి. వానాకాలంలో మళ్లీ వెళ్లి చూడండి. మీకు కనపడింది, నివేదికలో ఉన్నది రెండూ పక్కపక్కన రాసుకుని నాకు పంపండి, నేను చదువుతాను.