ఇన్‌బోర్డ్ బోటులో ఇంజన్ ఆయిల్ సొంతంగా మార్చుకోవచ్చా?

మీరు కళింగపట్నం దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో ఫైబర్ బోటు కొన్నారు, లోపల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్, అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టుకి చెయ్యి పోవడం లేదు, మెకానిక్కేమో విశాఖ నుంచి రావాలి. అందుకని జూన్‌లో వేటకి వెళ్లే ముందు మీరే ఆయిల్ మార్చుకోవచ్చా అని అడిగారు.

మార్చుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. మీ ప్రశ్నలో నాకు నచ్చనిది ఆ జూన్ మాటొక్కటే.

ముందు నా సంగతి. ఎనిమిదేళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనిచేశాను, మొదట కలాసీగా, తర్వాత ఇంజన్ డ్రైవర్‌గా. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు అక్కడ పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరికి గానీ ఇంటిముఖం చూడలేదు కదా, ఆ గొడవ తర్వాత మా అమ్మ నన్ను మళ్లీ రైలెక్కనివ్వలేదు. ఇప్పుడు భావనపాడులో నేనూ మా మావయ్యా కలిసి మీలాంటి బోటే నడుపుతున్నాం. సముద్రంలో కలిసే గెడ్డలో కట్టేసుకుంటాం.

ఇక జూన్ సంగతి. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అందరి లెక్కా ఒకటే: ఎలాగూ రెండు నెలలు బోటు ఖాళీ, ఇప్పుడు కొత్త ఆయిల్ పోయడం దండగ, వేట తెరిచే ముందు పోద్దాం అని. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. కానీ పాత ఆయిల్లో ఉన్నది మసి ఒక్కటే కాదు. డీజిల్లోని గంధకం కాలి, తేమతో కలిసి ఆమ్లమవుతుంది, అదీ ఆ ఆయిల్లోనే ఉంటుంది. ఇంజన్ తిరగకుండా రెండు నెలలు ఉంటే అది బేరింగుల్ని పట్టుకుని కూర్చుంటుంది, పైన ఉప్పుగాలి సరేసరి. ఆ జూన్‌లో ఇంజన్ వేస్తే కింద నుంచి టకటకమని మోత. విప్పి చూస్తే బేరింగులు మశూచి మొహంలా గుంటలు. అదొక్కటే కారణమని ప్రమాణం చేయలేను గానీ, అప్పటి నుంచి ఏప్రిల్ 14 సాయంత్రం ఆఖరి చేపల గంప దిగగానే నా పని ఇదే. కొత్త ఆయిల్ రెండు నెలలు ఇంజన్లో ఉన్నంత మాత్రాన పాడైపోదు, డబ్బాలో ఉన్నట్టే ఉంటుంది.

ఆ సాయంత్రమే చేయమనడానికి ఇంకో కారణం, ఇంజన్ అప్పటికే వేడిగా ఉంటుంది. వేడి మీద ఆయిల్ పలచబడి, మసి అడుక్కి దిగకుండా కలిసే ఉంటుంది, తోడితే మొత్తం వస్తుంది. మరీ సలసల కాగుతున్నప్పుడు కాదు, ఆపాక ఒక పది నిమిషాలు ఆగండి. బోటుని ఇప్పటికే ఇసక మీదకి లాగేసి ఉంటే మాత్రం ఊరికే ఇంజన్ వేయకండి. సముద్రపు నీళ్లు లాగే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, నీళ్లు లేకుండా తిప్పితే చూస్తుండగానే మాడిపోతుంది. నీళ్లు లాగే గొట్టాన్ని ఊడదీసి మంచినీళ్ల డ్రమ్ములో పెట్టి తిప్పండి. లోపలి ఉప్పూ కడుక్కుపోతుంది.

డ్రెయిన్ బోల్టుని మర్చిపోండి. బోటు ఇంజన్లలో అది ఎప్పుడూ అందదు, అందినా కింద పళ్లెం పెట్టడానికి జాగా ఉండదు. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి, ఆ బెజ్జంలోంచి సన్నని గొట్టం దింపి, చేతి పంపుతో పైకి లాగడమే. గొట్టం అడుక్కి తగిలాక ఒక పిసరు పైకెత్తండి, లేకపోతే మూతి మూసుకుపోయి గాలి కూడా రాదు. ఇక్కడ అందరూ తప్పే చోటు ఒకటుంది. గురగురమని గాలి రాగానే అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఇంజన్ షాఫ్టు వైపు వాలుగా కూర్చుంటుంది కదా, ఆయిల్ ఒక మూలకి చేరి ఉంటుంది. గొట్టం అటూ ఇటూ తిప్పి, మళ్లీ లాగండి. నేను మా బావమరిదిని ఒకసారి ముక్కు వైపు, ఒకసారి వెనక వైపు కూర్చోబెడతాను. వాడు మంచి బరువు. అలా కూర్చోబెట్టినందుకే ఒకసారి ముప్పావు లీటరు అదనంగా వచ్చింది.

ఎంత వచ్చిందో కొలవండి. మా ఇంజన్‌కి ఆరున్నర లీటర్లు పడుతుంది. ఐదే వస్తే లీటరున్నర మురికి లోపలే ఉన్నట్టు, లేదా ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. ఏడు వస్తే అది ఇంకా చెడ్డది, నీళ్లో డీజిలో వచ్చి కలుస్తోంది.

రంగు గురించి మా మావయ్య మాట ఉంది: "నూని నల్లగుంటే బయిపడకురా, పాలనాగుంటే బయిపడాల." డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ ఒక్క రోజుకే నల్లబడుతుంది, అది ఆయిల్ తన పని తాను చేస్తున్నట్టు. టీలా, పాలు కలిపినట్టు వస్తే నీళ్లు చేరాయి. హెడ్ గాస్కెట్టో, ఆయిల్ కూలరో, నీళ్ల పంపు సీలో పోయి ఉంటుంది. అది పట్టుకోకుండా ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా గెడ్డలో పోసినట్టే. డీజిల్ వాసన వస్తే, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చూపించండి. వేళ్ల మధ్య రుద్దితే లోహం పొడి మెరుపులు కనిపిస్తే మాత్రం ఆ విశాఖ మెకానిక్‌ని పిలవాల్సిందే.

ఇప్పుడు ఫిల్టరు. దీని దగ్గరే నేను నా పరువు పోగొట్టుకున్నాను, అందుకని కొంచెం ఎక్కువ చెప్తాను.

మూడేళ్ల కిందట, వేట మధ్యలో ఒక రోజు ఆయిల్ మార్చాల్సి వచ్చింది. పాత ఫిల్టరు విప్పాను, కొత్తది బిగించాను, ఆయిల్ పోశాను, గెడ్డలో ఐదు నిమిషాలు తిప్పాను, చుక్క కారలేదు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. గెడ్డ మొగ దాటి, కెరటాల్లోంచి బయటపడటానికి ఇంజన్ గట్టిగా ఇచ్చాను చూడండి, ఆయిల్ ప్రెషర్ ముల్లు చచ్చిన పాములా కింద పడింది. వెంటనే ఆపేశాను. మూత తీస్తే లోపలంతా నూనె వాన కురిసినట్టుంది. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది, నేను చూసుకోకుండా దాని మీదే కొత్త రింగు బిగించాను. రెండు రింగులు నెమ్మదిగా తిప్పినప్పుడు ఓర్చుకున్నాయి, ప్రెషర్ పెరగ్గానే ఒకటి జారిపోయింది. అటుగా వెళ్తున్న తెప్పవాళ్లు తాడు వేసి లాక్కొచ్చారు. ఒడ్డున మావయ్య ఏమీ అనలేదు. ఆ పాత రింగు తీసి నా చేతికి గాజులా తొడిగాడు, అంతే. పక్కనున్న వాళ్లంతా చూశారు.

కాబట్టి పాత ఫిల్టరు విప్పగానే దాని రింగు దానికే ఉందా అని చూడండి, లేకపోతే ఇంజన్ మీద గోరుతో తడిమి చూడండి. విప్పే ముందు ఫిల్టరుకి ప్లాస్టిక్ సంచి తొడిగితే కారింది దాన్లోనే పడుతుంది. కొత్త రింగుకి కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించండి. రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు, అంతే. పానా పెట్టి బిగిస్తే వచ్చేసారి విప్పేటప్పుడు మీ కండలే అరుగుతాయి.

ఆయిల్ గ్రేడు మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నదే వాడండి. పుస్తకం పోయి ఉంటే, మన ఎండలకి ఇలాంటి డీజిల్ ఇంజన్లకి 15డబ్ల్యూ-40 సరిపోతుంది, డబ్బా మీద డీజిల్ ఇంజన్లకని ఉండాలి. ఇంట్లో మోటార్ సైకిల్ ఆయిల్ మిగిలిందని పోయకండి. ఒకేసారి మొత్తం పోయొద్దు. లీటరు తక్కువగా పోసి, ఇంజన్ అందుకోకుండా స్టాప్ లివర్ లాగి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పండి, ఫిల్టరులోకి ఆయిల్ చేరడం మొదలవుతుంది. తర్వాత వేసి, ప్రెషర్ చూసి, ఆపి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి, తగ్గితే కొంచెం కొంచెంగా పోయండి. బోటు నీళ్లలో తేలుతున్నప్పుడే చూడాలి. ఇసక మీద పక్కకి ఒరిగి ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చెప్పేది నమ్మొద్దు.

ఎన్నాళ్లకోసారి అంటే పుస్తకాల్లో గంటల్లో ఉంటుంది, మన బోట్లకి గంటల మీటరెక్కడిది? నేను డీజిల్ లెక్కపెడతాను. మా ఇంజన్ గంటకి దాదాపు మూడు లీటర్లు తాగుతుంది, అంటే 300 లీటర్లు కాలిస్తే వంద గంటలు. కొత్తగా కొన్న పాత ఇంజన్ కాబట్టి మీరు మొదటిసారి యాభై గంటలకే మార్చేయండి, లోపల ఎన్నేళ్ల మడ్డి ఉందో ఎవరికి తెలుసు.

పాత ఆయిల్ డబ్బాలో పట్టి లారీ గ్యారేజీలో ఇచ్చేయండి, వాళ్ల డ్రమ్ములో పోసుకుంటారు. బోటు అడుగున కారినది పాత పంచెతో అద్ది తీసేయండి. వదిలేస్తే నీళ్లు తోడినప్పుడల్లా సముద్రంలోకే పోతుంది. మన ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఏప్రిల్‌లో వాటి పిల్లలు ఇసకలోంచి నీళ్లలోకి దిగుతుంటాయి. మా మావయ్య పాత ఆయిల్‌ని చెక్కలకి పూస్తానంటాడు, దాని మీద మాకు ఏటా గొడవే.

గేర్‌బాక్సు ఆయిల్ దీనికి సంబంధం లేదు, అది వేరు. కొన్నింటికి ఇంజన్ ఆయిలే, కొన్నింటికి ఎర్రగా ఉండే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్). మీ గేర్‌బాక్సు మీద చిన్న రేకు ఉంటుంది, ఉప్పు పట్టి ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.