రెండు గేములు గెలిచి మ్యాచ్ ఓడిపోయారా? అవతలి బ్యాట్ మీద ఏ రబ్బరుందో చూశారా?

తమ్ముడూ, మీరు అడిగింది ఇది: హన్మకొండలో ఒక టేబుల్ టెన్నిస్ టోర్నమెంట్‌లో మొదటి రెండు గేములు గెలిచి, తర్వాత మూడూ పోగొట్టుకున్నారు. ఎదురుగా ఉన్నాయన వయసు యాభై దాటింది, పెద్దగా కదల్లేదు, అయినా మీ టాప్‌స్పిన్‌లన్నీ (బంతి ముందుకు గిర్రున తిరిగేలా కొట్టే షాట్లు) నెట్‌కే తగిలాయి. ఫోర్‌హ్యాండ్ మొదటి నుంచి నేర్చుకోవాలా, బ్యాట్ మార్చాలా అని అడిగారు. ఆయన బ్యాక్‌హ్యాండ్ నుంచి బంతి "ఊగుతూ" వచ్చిందని కూడా రాశారు. ఆ ఒక్క మాట చూసే జవాబు రాయాలనిపించింది. ఆయన బ్యాట్‌కు ఒకవైపు లాంగ్ పింపుల్స్ రబ్బరు, అంటే పైన సన్నటి పొడుగు మొలకలుండే రబ్బరు, ఉండి ఉంటుంది. మీ ఫోర్‌హ్యాండ్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, నాకూ అచ్చం ఇలాగే జరిగింది. నేను హన్మకొండలో టీచర్‌ని, సాయంత్రాలు క్లబ్‌లో ఆడతాను. కొన్నేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో కరీంనగర్‌లో ఒక మ్యాచ్ ఆడాను. గాలికి బంతి పక్కకు పోతుందని హాల్లో ఫ్యాన్లు ఆపేశారు, కిటికీలు మూసేశారు. మొదటి రెండు గేములు 11-8, 11-9 నావి. తర్వాత 9-11, 7-11, 8-11. ఎదురుగా ఉన్న మేడమ్ గట్టిగా ఒక్క షాట్ కూడా కొట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో హుజూరాబాద్ దాటేదాకా నోరు విప్పలేదు. నా ఫోర్‌హ్యాండ్ పాడైపోయిందని నమ్మేశాను. వారం రోజులు వందల టాప్‌స్పిన్‌లు కొట్టాను. దానివల్ల ఒరిగింది ఏమీ లేదు.

ఆ మ్యాచ్‌ను మా చెల్లెలు ఫోన్‌లో తీసింది. మా క్లబ్‌లో ఒక రిటైర్డ్ లెక్చరర్ సారు ఉన్నారు. వీడియో ఆయనకు చూపిస్తే, ఓడిన మూడు గేముల్లో నేను పోగొట్టుకున్న 33 పాయింట్లను ఒక్కొక్కటే ఆపి ఆపి చూసి రాయమన్నారు. ఎట్లా పోయింది అన్నది ఒక్క ముక్కలో రాయాలి, అంతే. 14 సార్లు ఒకటే కథ: నేను టాప్‌స్పిన్ కొట్టాను, ఆమె బ్లాక్ చేసింది (ఊరికే బ్యాట్ అడ్డం పెట్టింది), మళ్లీ టాప్‌స్పిన్ కొట్టబోతే నెట్‌కు తగిలింది. ఇంకో 6 సార్లు నేను పుష్ చేసిన (కింద కోసినట్టు మెల్లగా తోసిన) బంతి పైకి లేచి టేబుల్ దాటిపోయింది. సారు కాగితం చూసి అన్నారు: "అమ్మా, నువ్వు ఆమెతోని ఆడుతలేవు. నువ్వు పంపిన బంతే నీకు తిరిగొస్తున్నది, దానితోనే కొట్లాడుతున్నవ్."

మొత్తం కిటుకు ఇందులోనే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మామూలు రబ్బరు అయితే బంతిని పట్టుకుని దాని తిరుగుడును మార్చేస్తుంది. లాంగ్ పింపుల్స్‌కు పట్టు తక్కువ. బంతి తగిలినప్పుడు ఆ సన్నటి పొడుగు మొలకలు వంగిపోతాయి. బంతి పోయే దిక్కు మారుతుంది కానీ తిరిగే దిక్కు చాలావరకు అలాగే ఉంటుంది. మీరు టాప్‌స్పిన్ కొడితే బంతి పైభాగం మీకు దూరంగా, అవతలి వైపుకు తిరుగుతూ పోతుంది. అదే తిరుగుడుతో మీ వైపు వచ్చిందంటే ఇప్పుడది బ్యాక్‌స్పిన్, మనం "కట్" అంటామే, అది. చిన్నప్పుడు సైకిల్ టైరును వెనక్కి తిప్పుతూ ముందుకు విసిరితే కాస్త దూరం పోయి మళ్లీ మన దగ్గరికే దొర్లుకుంటూ వచ్చేది, గుర్తుందా? అదే తిరుగుడు. మీరు ఎంత గట్టిగా తిప్పితే అంత బరువైన కట్ మీకే వస్తుంది. అలాగే మీరు కట్ చేసి పుష్ చేస్తే, తిరిగొచ్చేది కొంచెం టాప్‌స్పిన్‌తోనో, అసలు స్పిన్ లేకుండానో వస్తుంది. దాన్ని కట్ బంతి అనుకుని మళ్లీ బ్యాట్ తెరిచి (ముఖం పైకి వాల్చి) పుష్ చేస్తే పైకి లేస్తుంది. నా 14, నా 6, రెండింటికీ కారణం ఒక్కటే.

మరి ఏం చేయాలి? ఒక మంచి టాప్‌స్పిన్ కొట్టాక అది కట్‌తో తిరిగొస్తే, దాని మీద వెంటనే రెండోది కొట్టకండి. నెమ్మదిగా పింపుల్స్ వైపే పుష్ చేయండి. ఇప్పుడు వచ్చే బంతి బలం లేకుండా, కాస్త ఎత్తుగా ఉంటుంది. కొట్టాల్సింది దాన్ని. అంటే టాప్‌స్పిన్, పుష్, తర్వాత షాట్. నాకు ఈ లయ ఒంటబట్టడానికి రెండు నెలలు పట్టింది, ఎందుకంటే చేయి ఊరుకోదు, మొదటి షాట్ బాగా పడగానే రెండోది కొట్టాలనిపిస్తుంది. కట్ బంతినే లేపి కొట్టాలనుకుంటే మోకాళ్లు వంచి, బంతిని కొంచెం కిందికి దిగనిచ్చి, బ్యాట్‌ను మోకాలి ఎత్తు నుంచి బంతిని రాసుకుంటూ పైకి లాగండి. నేను చేసిన తప్పు, మామూలు బ్లాక్ వచ్చినట్టే బ్యాట్ మూసి (ముఖం కిందికి వంచి) ముందుకు కొట్టడం.

సర్వీస్ సంగతి. పింపుల్స్ ఉన్నవాళ్లకు మీరిచ్చే స్పిన్నే ఆహారం. అసలు స్పిన్ లేని పొడుగు సర్వీస్ వాళ్ల బ్యాక్‌హ్యాండ్ మూలకు వేయండి, దాంతో వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ. కానీ కట్ సర్వీస్, స్పిన్ లేని సర్వీస్ రెండూ చూడటానికి ఒకేలా ఉండాలి. ఇది ఒంటరిగానే నేర్చుకోవచ్చు. బంతిని టేబుల్ మీద కాకుండా నేల మీదికి సర్వీస్ చేయండి. కట్ బాగా పడితే బంతి కొంచెం ముందుకు పోయి, ఆగి, మీ కాళ్ల దగ్గరికి వెనక్కి దొర్లుతుంది. అదే చేతి కదలికతో స్పిన్ లేకుండా వేస్తే ముందుకే పోతుంది. రోజూ పడుకునే ముందు ఇంట్లో గచ్చు మీద ఇరవై నిమిషాలు ఇది చేశాను. బంతి మొదటిసారి వెనక్కి దొర్లిన రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

బంతి మీద కంపెనీ ముద్ర ఉంటుంది కదా, దాన్ని చూడటం అలవాటు చేసుకోండి. ముద్ర చదవగలిగేంత స్పష్టంగా కనిపిస్తే స్పిన్ లేనట్టే, చెరిపేసినట్టు కనిపిస్తే ఉన్నట్టు. మొదట్లో ఏమీ కనిపించదు. సర్వీస్ అందుకునేటప్పుడు మాత్రమే చూడటంతో మొదలుపెడితే మెల్లగా కన్ను పడుతుంది.

మ్యాచ్‌కు ముందు ఎదుటివాళ్ల బ్యాట్ చూసే హక్కు మీకుంది. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, నిబంధనల్లోనే ఉంది. తిప్పి చూసి, వేలితో తాకి, పింపుల్స్ ఏ రంగు వైపు ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. రెండు వైపులా రంగులు వేరుగా ఉండాలన్న నిబంధన పెట్టిందే అందుకు, ఒకటి నలుపు, ఇంకోటి వేరే రంగు. ఆట మధ్యలో చేతిలోనే బ్యాట్ తిప్పేసేవాళ్లుంటారు. మన దేశపు క్రీడాకారిణి మనికా బత్రా మ్యాచ్‌లు చూడండి, ఆమె బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్ వాడుతుంది. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన ఆట అది. ఆమెతో ఆడేవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూస్తే మీ మ్యాచే మళ్లీ కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇంకొకటి. మీరు రెండు గేములు గెలిచారు కదా, మరి మూడో గేములో ఏం మారింది? నా మ్యాచ్‌లో ఆ మేడమ్ ఒక అడుగు పక్కకు జరిగి, మధ్యలో పడే బంతుల్ని కూడా పింపుల్స్‌తోనే అందుకోవడం మొదలుపెట్టింది. వీడియో చూసేదాకా నాకది తెలియనే లేదు. ఆమె ఫోర్‌హ్యాండ్ వైపు టేబుల్ సగం ఖాళీగా ఉంది. వరుసగా మూడు పాయింట్లు ఒకేలా పోతే వెంటనే టైమ్‌అవుట్ అడగండి. మ్యాచ్‌కు ఒక్కసారి, ఒక నిమిషం దాకా ఇస్తారు. నేను దాన్ని చివరి గేము కోసం దాచుకున్నాను, వాడకుండానే ఆట అయిపోయింది.

ప్రాక్టీస్‌కు పింపుల్స్ ఆడేవాళ్లు దొరకరన్నదే అసలు ఇబ్బంది. మేం క్లబ్‌లో నలుగురం డబ్బులేసుకుని ఒక లాంగ్ పింపుల్స్ షీట్ కొని పాత బ్యాట్‌కు అంటించాం. వంతులవారీగా ఒకరు దానితో బ్లాక్ చేస్తారు, ఇంకొకరు ఆడతారు. ఆ బ్యాట్‌తో మీరు కూడా ఆడండి. ఎలాంటి బంతి వస్తే దానితో చేతులు కట్టేసినట్టు అవుతుందో అప్పుడు తెలుస్తుంది. కొందరు అలాంటి రబ్బర్ వాడటం మోసం అంటారు. నేను ఒప్పుకోను. అనుమతి ఉన్న రబ్బరే అది, దాన్ని అదుపులో పెట్టడానికి వాళ్లు ఏళ్లు పెట్టారు.

బ్యాట్ మార్చాలా అన్నారు. ఇప్పుడే వద్దు. కొత్త రబ్బర్ వేస్తే చేయి మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి, ఏది బ్యాట్ తప్పో, ఏది మీ తప్పో తేల్చుకోలేరు. ఆరు నెలలు ఇప్పుడున్న బ్యాట్‌తోనే ఆడండి. కాకపోతే వానాకాలంలో రబ్బరు తేమ పట్టి జారుతుంది, ఆట మధ్యలో తుడుచుకోవడానికి ఒక పొడి గుడ్డ దగ్గర పెట్టుకోండి. ఆ మ్యాచ్ వీడియో ఉంటే ముందు మీరు పోగొట్టుకున్న పాయింట్లు రాయండి. లేకపోతే గుర్తున్నంత వరకు ఈ రాత్రే రాసేయండి, రెండు రోజులైతే గుర్తుండవు.