చెల్లికి లూపస్, కొలెస్ట్రాల్ నార్మలే, మరి గుండె టెస్టులు, రక్తం గడ్డల టెస్టులు ఎందుకు?

మీ చెల్లికి ముప్పై కూడా లేవు, కొలెస్ట్రాల్ బాగానే ఉంది, అయినా డాక్టర్ ఇన్ని టెస్టులు రాశారు, అవసరమా అని అడిగారు కదా. అవసరమేనండి, చేయించండి. నాకు లూపస్ (రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు) లేదు గానీ యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డలు కట్టే జబ్బు ఉంది, గడ్డలు కట్టకుండా పదకొండేళ్లుగా వార్ఫరిన్ అనే మందు వాడుతున్నా.

నాకు 29 ఏళ్లప్పుడు ఎడమ పిక్క వాచింది, కండరం పట్టేసిందేమోలే అని నాలుగు రోజులు ఊరుకున్నా, తీరా డాప్లర్ స్కాన్‌లో లోపలి సిరలో గడ్డ కనపడింది. ఇక్కడే పెద్ద తికమక. ఏపీటీటీ టెస్ట్‌లో నా రక్తం గడ్డకట్టడానికి మామూలు కన్నా ఎక్కువ టైం పట్టింది, అది చూసి మొదటి డాక్టర్ మీ రక్తం పలచగా ఉంది, ఇంకా పలచబడే మందు ఇస్తే ప్రమాదం అని ఆపేశారు. రెండు రోజులు అలానే పోయాయి, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది. తర్వాత రుమటాలజిస్ట్ (కీళ్లు, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే డాక్టర్) చెప్పారు, టెస్ట్ ట్యూబ్‌లో గడ్డకట్టడానికి వేసే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థాన్ని ఈ యాంటీబాడీలు పట్టేసుకుంటాయంట, అందుకని అక్కడ ఆలస్యం. ఒంట్లో జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. రక్తంలో బీటా-2 గ్లైకోప్రోటీన్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, యాంటీబాడీలు దాన్ని అంటిపెట్టుకుని రక్తనాళం లోపలి పొరనీ, ప్లేట్‌లెట్లనీ రెచ్చగొడతాయి, దాంతో గాయం లేకుండానే గడ్డ కడుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన గుండె సంగతి. అదే ప్రోటీన్ పాడైన ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్‌కి కూడా అతుక్కుంటుంది, యాంటీబాడీలు దాన్నీ పట్టుకుంటే, ధమని గోడలో ఉండే తెల్ల కణాలు ఆ ముద్దని ఇంకా ఎక్కువగా మింగి కొవ్వుతో ఉబ్బిపోతాయి, పూడిక మొదలయ్యేది అలానే. పైగా లూపస్ వాపు గోడని ఎప్పుడూ ఒరుసుకుంటూనే ఉంటుంది కాబట్టి రిపోర్ట్‌లో నంబర్ నార్మల్ ఉన్నంత మాత్రాన ధైర్యం చాలదు. ఆ పూడిక ఎప్పుడైనా చిట్లితే దాని మీద గడ్డ కట్టేది కూడా ఈ రక్తమే కదా.

లూపస్ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఈ యాంటీబాడీలు ఉంటాయి, అందరికీ గడ్డలు కట్టవు, కంగారు పడకండి. లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2, ఈ యాంటీబాడీల టెస్టులు మూడూ చూడాలి, పాజిటివ్ వస్తే కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేయించాలి, ఎందుకంటే ఏదో ఇన్ఫెక్షన్ వల్ల కూడా కొన్నాళ్లు పాజిటివ్ వచ్చి పోతుంది. నాకు మూడూ రెండుసార్లూ పాజిటివే, అందుకే రక్తం గడ్డకట్టకుండా వాడే కొత్త రకం మాత్రలు వద్దని వార్ఫరిన్‌లోనే ఉంచి ఐఎన్ఆర్ (వార్ఫరిన్ ఎంత పనిచేస్తోందో చూపే కొలత) 2 నుంచి 3 మధ్య ఉండేలా చూస్తున్నారు. బీపీ, సిగరెట్ విషయంలో కూడా చాలా గట్టిగా చెప్పారు. చెల్లికి లూపస్ కోసం హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు ఇస్తుంటే బాగుంది కదా అని సొంతంగా మాత్రం ఆపనివ్వకండి.

ఇంకొకటి, ఆమె ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, పిల్లల కోసం చూస్తున్నా ఈ డాక్టర్‌కి ముందే చెప్పమనండి, ఈ యాంటీబాడీలు ఉంటే రెండింటిలోనూ మందులు మార్చాల్సి వస్తుంది.