బ్లెండర్ 4.0లో రంగులు వెలిసిపోతుంటే

త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో 4.0 వెర్షన్‌కి మారాక సీన్‌లోని ఎర్ర లైట్లు పాలిపోతున్నాయని, పవర్ పెంచితే ఇంకా తెల్లబడుతున్నాయని రాశారు కదండీ. లైట్లలో తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి. 4.0 నుంచి కొత్త ఫైళ్లకు వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌గా, అంటే సీన్‌లోని కాంతిని తెర మీద రంగులుగా మార్చే పద్ధతిగా, ఫిల్మిక్ బదులు ఏజీఎక్స్ (AgX) డిఫాల్ట్ అయింది. కాంతి పెరిగేకొద్దీ అది ముదురు రంగును మెల్లగా తెలుపు వైపు తీసుకెళ్తుంది, కెమెరాలో దీపం కనిపించినట్టే. అందుకే ముందు పవర్ తగ్గించండి. తర్వాత రెండర్ ప్రాపర్టీస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, లుక్‌లో మీడియం హై కాంట్రాస్ట్ గానీ పంచీ గానీ పెట్టి చూడండి.

కంపెనీ లోగో రంగు ఉన్నదున్నట్టు రావాలంటే మాత్రం వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను స్టాండర్డ్‌కి మార్చాలి. గది లోపలి సీన్లకు అది వద్దు, కిటికీ వెలుగు మొత్తం వివరాలు లేకుండా తెల్లగా అయిపోతుంది. ఫిల్మిక్ కూడా వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ జాబితాలోనే ఉంది, కానీ గాఢమైన రంగు లైట్లకు ఏజీఎక్సే నయం.