రిఫరల్ అడిగే ముందు

"అన్నయ్యా, మాది కూడా శ్రీకాకుళం వైపే. ఓపీటీ మొదలైంది. మీ కంపెనీలో రిఫర్ చెయ్యరా ప్లీజ్." అమెరికాలో చదువుకుంటున్న రాజాం, ఆమదాలవలస, బొబ్బిలి పిల్లల నుంచి వచ్చే మెసేజ్‌లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఓపీటీ అంటే చదువయ్యాక అక్కడ కొంతకాలం పని చేసుకునే అనుమతి. రిఫరల్ అంటే కంపెనీలో పనిచేసేవాళ్లు తమకు తెలిసినవాళ్లని ఉద్యోగానికి సూచించడం. మన ఊరి పేరు వింటే ప్రాణం లేచొస్తుంది, నిజమే. కానీ రిఫరల్ ఫారంలో "ఈ అభ్యర్థి మీకు ఎలా తెలుసు?" అని అడుగుతారు. అక్కడ ఊరి పేరు రాస్తే కుదరదు కదా!

అందుకే ముందు ఉద్యోగం అడగకండి, పని గురించి అడగండి. లింక్డిన్‌లో మీ కాలేజీ పేజీ తెరవండి. రాజాం జీఎంఆర్ఐటీ, చింతలవలస ఎంవీజీఆర్, టెక్కలి ఐతమ్, ఏదైనా సరే. అలమ్నై (పాత విద్యార్థులు) అన్న చోట నొక్కితే ఎవరు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో కనిపిస్తుంది. ఒకరిని ఎంచుకుని, "నేను ఐతమ్ ఈసీఈ, 2022 బ్యాచ్. మీరు చిప్ టెస్టింగ్‌లోకి ఎలా వచ్చారో తెలుసుకోవాలనుంది, ఒక పదిహేను నిమిషాలు మాట్లాడతారా?" అని రాయండి. ఉచిత ఖాతాలో పరిచయం కోరుతూ పంపే నోట్‌కి 200 అక్షరాలే ఇస్తారు కాబట్టి సోది రాయడానికి వీలుండదు, అదీ మంచిదే.

మాట్లాడాక థాంక్స్ చెప్పండి, వాళ్లు చదవమన్నది చదివి మళ్లీ రాయండి. ఆ కంపెనీలో ఖాళీ పడ్డప్పుడు జాబ్ ఐడీ, రెజ్యూమె, ఆ పనికి మీరెలా సరిపోతారో మూడు ముక్కలు, అన్నీ ఒకే మెయిల్‌లో పంపండి. ఇన్నిసార్లు మాట్లాడినవాళ్లకి ఆ ఫారం నింపడం కష్టం కాదు.

మనవాళ్ల దగ్గరే ఆగిపోకండి. రూమ్మేట్‌కి తెలిసిన ఖాళీలు మీకూ తెలిసినవే, అందరిదీ ఒకటే వాట్సాప్ గ్రూపు. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో చాలామందికి సాయపడింది ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లే. ప్రొఫెసర్, ల్యాబ్‌లో పక్క సీటు చైనా అమ్మాయి, కెరీర్ ఫెయిర్‌లో కార్డు ఇచ్చినాయన, వీళ్లందరూ లెక్కలోకే వస్తారు.

ఇదంతా ఓపీటీ కార్డు చేతికొచ్చాక మొదలుపెడితే టెన్షనే. కార్డు మీదున్న మొదటి తేదీ నుంచి ఉద్యోగం లేని రోజులు, శని ఆదివారాలతో కలిపి, 90 దాటకూడదు. సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి. పొడిగింపుకి ముందు ఏడాదిలో మీ చదువుకి సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు వాలంటీర్‌గా చేసినా చెల్లుతుంది, మీ డీఎస్‌ఓని, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని, అడిగి చేయండి. ఈ రోజులు తరిగిపోతున్న కంగారులోనే కొందరు లేని అనుభవం రెజ్యూమెలో రాసిపెట్టే కన్సల్టెన్సీల వలలో పడతారు. వీసా మీదకు తెచ్చుకోవద్దు.

ఇంకా ఊళ్లోనే ఉండి ఆగస్టు ప్రయాణానికి సూట్‌కేసు సర్దుకుంటున్నవాళ్లు కాలేజీకి వెళ్లి ప్రాజెక్ట్ గైడ్‌ని కలవండి. పాత బ్యాచ్‌ల్లో ఎవరెవరు అక్కడున్నారో అడిగి పేర్లు రాసుకోండి. వెళ్లొస్తానని చెప్పడానికి ఎలాగూ వెళ్తారుగా.